నమ్మని గ్రంథమును చదువుట

తాను నమ్మని మతగ్రంథమును చదువువానికి ఆ గ్రంథముపట్ల నెరవేర్పవలసిన ధర్మమేదైన కలదా? ఉన్నయెడల అది యెట్టిది? ఈ ప్రశ్న పండితులకే గాని గృహస్థులకు పనికివచ్చునది కాదని తోపవచ్చును. కాని మన యిండ్లలో ఇది దినదినమును వేరువేరు రూపములతో తలయెత్తుచునే యున్నది. పొరుగువారు పండుగనాడు పంపిన తీపిని తీసికొనవచ్చునా యని యింటిలో నొకరు సందేహింతురు. మిషను పాఠశాలలో చదువు పిల్లవాడు బైబిలు కథ నొకదానిని విని వచ్చి చెప్పిన, వినవలెనా నవ్వవలెనా యని తల్లికి తోపదు. ఒక మతమువా డొకడు చేసిన దుండగమును పత్రికలో చదివి, వారి గ్రంథమే యట్టిదని తీర్పుచెప్పు పెద్దమనుష్యుని, ఆ గ్రంథమును తా మెన్నడైన తెరచితిరా యని యడిగిచూడుడు. కోపము తప్ప వేరు ప్రత్యుత్తరము దొరకదు.

ఇట్టివారికి సమాధానముగా మన సంస్కర్తల నోట సిద్ధముగా నుండు మాట యొకటి కలదు. మతము లన్నియు నొక్కటే యట. ఈ మాట వినుటకు ఇంపైనది. దీనివలన కొన్ని కలహములు చల్లారినమాటయు నిజమే. కాని పుస్తకము తెరువ నక్కరలేకుండ చేయుటలో నిది ఆ పెద్దమనుష్యుని తీర్పునకు తీసిపోదు. అన్నియు నొక్కటే యైనప్పుడు తనది చదువుకొనిన చాలును గదా! నిందించువాడును చదువడు, పొగడువాడును చదువడు. చదివినవా డొకడు మనలో నుండెను. అతడు చేసిన పని యెట్టిదో తెలియవలె ననిన, ఆ పనిని లోకమున ఇతరులు ఇంతకుముందెట్లు చేసిరో కూడ చూడవలెను.

అనంతపురము వానలకు చాటైన మెరకనేల. పడమటి మేఘములను కనుమలు పీల్చివేయును. తూర్పుసముద్రపు తుపానులు ఇంతదూరము వచ్చుసరికి ఉడిగిపోవును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము పడిన పడినట్లు. 1876లో వచ్చిన ధాత కరువును గూర్చిన కథలు ఇక్కడి ముసలివారు తమ తాతలనుండి విని చెప్పుకొనుచు వచ్చిరి. ఇట్టి నేలకు మతము లన్నియు నడచివచ్చినవి. పదునెనిమిదవ శతాబ్దమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెసూయిట్ గురువులు ముదిగుబ్బవరకు వచ్చి రెడ్డి కుటుంబములకు జ్ఞానస్నాన మిచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర లండను మిషనువారు గుత్తిలో నెలకొనిరి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అను స్పెయిన్ దేశస్థుడు వచ్చి, తన గురుపదవిని విడిచియు ఊరిని విడువక, 2009లో మరణించువరకు ఇక్కడనే బీదలకు సేవచేసెను. వీరందరికంటె ఎన్నో శతాబ్దములు ముందు పెనుకొండకు బాబా ఫక్రుద్దీను అను సూఫీ సాధువు వచ్చెను. గురువు ఇచ్చిన పండ్లుతోము పుల్లను రాత్రిరాత్రి నేలలో గ్రుచ్చుచు, అది యెక్కడ చిగిర్చిన అక్కడ నిలువవలె ననియు, పెనుకొండలో అది చిగిర్చె ననియు ఐతిహ్యము. కరువుసీమలో పుల్ల చిగిర్చె ననుటకంటె పెద్ద మహిమ నెవరు కోరుదురు? ఆ పెనుకొండ, యిప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోనిది, 1565 తరువాత విజయనగర రాయలకు రాజధాని యయ్యెను. రాయల కోటయు బాబయ్య దర్గాయు ఒకే కొండక్రింద నున్నవి.

ఈ అనంతపురమున 1916లో దత్తమండలముల కళాశాల యేర్పడెను. అందు ఆంధ్రోపన్యాసకులుగా నుండిన చిలుకూరి నారాయణరావుగారు ఉత్తరకోస్తానుండి వచ్చినవారు, బహుభాషావేత్త, 1937లో ఆంధ్రభాషాచరిత్రమును ప్రకటించినవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో, నైజాము కుంపిణీకి దానమిచ్చిన నేల యను తలవంపు గల 'దత్తమండలము' అను పేరును మాన్పి 'రాయలసీమ' యను పేరు సూచించినది వీరే యని చెప్పుదురు. ఖురానును మొట్టమొదట తెలుగున అనువదించినదియు వీరే. 1930 ప్రాంతమున అది అచ్చయ్యెను. ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన నుంచి చూడవలసినదని చదువరులను వేడుచున్నాను. రాయల పేరును ఈ నేలకు కట్టినవాడును, ఆ రాయలను కూల్చినవారి గ్రంథమని పామరులు తలచు గ్రంథమును తెలుగు చేసినవాడును ఒక్కడే. అతడు ముస్లిము కాడు. అగుదునని చెప్పినవాడును కాడు.

రాయల కాలముననే ఈ గ్రంథమునకు విజయనగరమున ఒక స్థాన ముండెను. పదునైదవ శతాబ్దమున రెండవ దేవరాయలు తన కొలువులోని ముస్లిము సైనికులు నమస్కరించుటకు వీలుగా తన సింహాసనము నెదుట ఖురానును ఉంచెనని ఫెరిస్తా యను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. రాజు గౌరవించెను, సైనికుడు మ్రొక్కెను, కొలువు జరిగెను. అది రాజనీతి, మంచి రాజనీతియే. కాని ఆ పుస్తకము అక్కడ మూసియే యుండెను. మూసియున్న పుస్తకమునకు చేయు మర్యాదకును, తెరచిన పుస్తకమునకు చేయు మర్యాదకును భేద మున్నది. రెండవది కష్టతరము, ఏలయన తెరచినప్పుడు మనకు నచ్చని మాటలు కనబడును.

ఈ కష్టమును మొట్టమొదట అనుభవించినవారు క్రైస్తవులు. ఏడవ శతాబ్దమున అరేబియాలో ఇస్లాము పుట్టినప్పుడు, దానిని ఎదుర్కొని, ఇదేమి యని అడుగుకొనవలసినవారు వారే. వారు అప్పటికే తమలో తాము చీలియుండిరి. 451లో కాల్సిడను మహాసభ, క్రీస్తునందు దైవత్వము మానుషత్వము అను రెండు స్వభావములు కలవని తీర్మానింపగా, ఐగుప్తు సిరియా దేశములలో పెక్కుమంది అంగీకరింపరైరి. ఆ తీర్మానమును చక్రవర్తులు బలముతో నాటజూచిరి. పారశీకులు 614లో యెరూషలేమును గొల్లగొనిపోయిన సిలువను హెరాక్లియసు చక్రవర్తి మరల 630లో తెచ్చి నిలిపెను గాని, తన ప్రజల మనస్సులను నిలుపలేకపోయెను. 636లో యర్మూకు నదియొద్ద అతని సేన లోడిపోయెను. యెరూషలేము ఒకటి రెండేండ్లలో ఖలీఫా ఉమరుకు లొంగెను. ఐగుప్తున చక్రవర్తి మనుష్యులకు వెరచి పదేండ్లకు పైగా దాగియుండిన బెంజమిను అను కోప్టు సంఘపు పెద్దగురువు, అరబ్బులు గెలిచిన తరువాతనే బయటకు వచ్చి తన పీఠమున కూర్చుండెను. తన మతమువాడు తరిమినవానికి పరమతమువాడు చోటిచ్చెను. దీనినిబట్టి కొత్త యేలుబడి స్వర్గమని తలపరాదు. జిజియా పన్ను నుండెను, గుడిగంటలపైనను కొత్త గుడులపైనను నిర్బంధము లుండెను, 1009లో హాకిము అను ఖలీఫా క్రీస్తుసమాధి మందిరమును పడగొట్టించెను. ఎవరి లెక్క వారికి చెల్లవలెను.

దీనికంటెను ముందుదియగు కథ యొకటి ముస్లిముల సంప్రదాయమున కలదు. సుమారు 615లో, మక్కాలో బాధలు పడలేక మహమ్మదు ప్రవక్త అనుచరులు కొందరు సముద్రము దాటి అబిసీనియా క్రైస్తవరాజును శరణుజొచ్చిరి. వారిని అప్పగింపుడని మక్కావారు కానుకలతో దూతలను పంపిరి. రాజు శరణార్థులను పిలిపించి, మీ ప్రవక్త తెచ్చిన మాట యేది, వినిపింపుడనెను. వారిలో జాఫరు అనువాడు మరియమ్మను గూర్చిన అధ్యాయమునుండి చదివెను. రాజును అతని గురువులును గడ్డములు తడియునట్లు ఏడ్చిరట. మరునాడు దూతలు మరల వచ్చి, వీరు యేసును దేవుని దాసుడందురు, అడిగిచూడుడని రెచ్చగొట్టిరి. అడుగగా, అగును, అట్లే అందుము, అని శరణార్థులు దాచక చెప్పిరి. ప్రాణము పరులచేతిలో నున్నప్పుడు ఆ మాట చెప్పుట తేలిక కాదు. రాజు వారిని అప్పగింపలేదు. ఈ కథలో నాకు నచ్చినది రాజు కన్నీరు కాదు, రెండవ దినపు ప్రశ్న. మొదటిదినమున సామ్యము తెలిసెను; రెండవదినమున భేదము తెలిసెను; భేదము తెలిసిన పిమ్మటను శరణము నిలిచెను.

తరువాతి శతాబ్దమున దమస్కు యోహాను అనువాడు వచ్చెను. అతని తాతతండ్రులు ఖలీఫాల కొలువున ధనాధికారులు. అరబ్బుల నడుమ పుట్టి పెరిగినవాడు, వారి ఆచారముల నెరిగినవాడు, ఖురానునందలి కొన్ని అధ్యాయములను పేర్లతో చెప్పగలవాడు. తుదకు యెరూషలేమునొద్దనున్న మార్ సాబా మఠమును చేరి సన్యాసియై, అపసిద్ధాంతముల పట్టిక నొకటి వ్రాసెను. నూరు అపసిద్ధాంతముల ఆ పట్టికలో చిట్టచివరిది ఇస్లాము. అతని వ్రాతలో ఎరుక యున్నది. ఎగతాళి దానికి రెట్టింపున్నది. ప్రవక్త ఎవరో దారితప్పిన క్రైస్తవసన్యాసియొద్ద నేర్చెనని చెప్పి, కొన్ని కథలను చూపి నవ్వి, చాలించెను. ఇందు విచిత్ర మేమనగా, అదే కాలమున కానుస్టాంటినోపిలులో క్రైస్తవచక్రవర్తి విగ్రహములను పగులగొట్టించుచుండగా, విగ్రహపూజను సమర్థించుచు యోహాను వ్రాసిన గ్రంథములు నిర్భయముగా వెలువడుటకు కారణము అతడు ఖలీఫా రాజ్యమున నుండుటయే. విగ్రహముల నంగీకరింపని రాజుల నీడన కూర్చుండి విగ్రహముల పక్షమున వాదించెను. నీడ నిచ్చినవారి మతమును మాత్రము నాలుగు మాటలలో తేల్చివేసెను. తెలియకపోవుట యొక దోషము. తెలిసియు, తనవారిని మెప్పించుటకే ఆ తెలివిని వాడుట అంతకంటె సూక్ష్మమైన దోషము. పండితులకు ఎక్కువగా తగులునది.

అతనికి భిన్నముగా బాగ్దాదునందలి తిమోతిని తలచుకొనవలెను. తూర్పుసంఘమున కితడు 780 నుండి 823 వరకు పెద్దగురువు. మన మలబారు తోమా క్రైస్తవులకును ఆ సంఘముతోనే సంబంధ ముండెను. ఖలీఫా అల్ మహదీ ఇతనిచేత అరిస్టాటిలుని తర్కగ్రంథ మొకదానిని అరబ్బీలోనికి తెప్పించుకొనెను. 782 ప్రాంతమున ఖలీఫా ఇతనిని రెండుదినములు మతవిషయములనుగూర్చి ప్రశ్నించెను. ఆ సంవాదమును తిమోతి సిరియాకు భాషలో లేఖగా వ్రాసిపెట్టెను. ప్రశ్నలు కటువైనవే. దేవునికి కుమారు డెట్లు? ముగ్గు రెట్లు? మహమ్మదును ప్రవక్తగా ఏల ఒప్పుకొనవు? రాజు చేతిలో కత్తియున్నప్పుడు సన్యాసి ఏమి చెప్పగలడని మనము తలంతుము. ఇతడు తన విశ్వాసములో ఒక్క యక్షరమును విడువలేదు. తమ శాస్త్రమున మహమ్మదునుగూర్చి భవిష్యవాణి లేదు గనుక ఒప్పుకొననెను. మరి అతనిని గూర్చి నీవేమందువని ఖలీఫా యడుగగా, అతడు ప్రజలను విగ్రహములనుండి మరల్చి ఏకదేవునివైపు త్రిప్పెను, దుష్కృత్యములను మాన్పెను, ప్రవక్తల త్రోవన నడచెను, కావున స్తుతికి పాత్రుడనెను. ప్రవక్త యని అనలేదు. ప్రవక్తల త్రోవన నడచెననెను. ఈ రెండు మాటలకు నడుమనున్న సందులో ఇమిడియున్న మర్యాదను గమనింపుడు. ఇది రాజును చూచి పలికిన ముఖప్రీతి యని కొందరు చరిత్రకారు లందురు. కొంత కావచ్చును. కాని ముఖప్రీతికై పలుకువాడు కుమారత్వమును త్రిత్వమును గూర్చి రెండుదినములు పట్టువిడువక వాదించునా?

ఆ సంవాదపు చివర తిమోతి ఒక ఉపమానము చెప్పెను. మనమందరము నడిరేయి చీకటియింటిలో నున్నవారము. ఆ యింటిలో ఒక ముత్యము పడెను. పడినదని అందరికిని తెలియును. అందరును నేల తడవుదురు. ఒకనికి ముత్యమే దొరకును, ఒకనికి గాజుముక్క, మరియొకనికి మట్టిగడ్డ. ప్రతివాడును ముత్యము నాదే యని పిడికిలి బిగించి సంతోషించును. తెల్లవారి వెలుగు వచ్చినప్పుడు గాని ఎవరిచేత నేమున్నదో తెలియదు. అట్లయిన ముత్యము గలవాడెవడో ఈ లోకమున తెలియనే తెలియదా యని ఖలీఫా పట్టెను. కొంతవరకు తెలియును, సత్క్రియలవలనను మహిమలవలనను అని చెప్పి తిమోతి ముత్యమును మెల్లగా తన పిడికిలివైపే త్రిప్పుకొనెను! దీనికి అతనిని నేను తప్పుపట్టను. ముత్యము ఎవనియొద్దను లేదనియో, అందరియొద్దను ఉన్నదనియో చెప్పినయెడల అది ఉపమాన మగునే గాని విశ్వాసము కాదు. తనదే ముత్యమని నమ్ముచు, చీకటి యున్నదని ఒప్పుకొనుట! అందులో మనకు పనికివచ్చునది చీకటిని గూర్చిన ఒప్పుకోలు. చీకటి యున్నదని యెరిగినవాడు ఎదుటివాని పిడికిలిని కొట్టి తెరువ జూడడు.

తూర్పున ముఖాముఖి మాటలాడుకొనుచుండగా, పడమర ఐరోపాలో ముస్లిమును చూడనివారు ముస్లిముల కథలు చెప్పుకొనుచుండిరి. రోలాండు గాథ యను ఫ్రెంచి వీరకావ్యమున ముస్లిములు మూడు విగ్రహములను పూజించుదురు. అందొకటి మహమ్మదు విగ్రహము! విగ్రహ మను పేరు వినినంతనే చెవులు మూసికొనువారిని విగ్రహారాధకులుగా పాడి, దానిని విని వీరులు కత్తులు నూరిరి. 1099లో యెరూషలేమును పట్టినప్పుడు ఆ కత్తు లేమిచేసినవో చరిత్ర యెరుగును. ఇంతచిన్న అబద్ధము నాలుగువందల యేండ్ల పొరుగుతనమునకు పిమ్మట ఎట్లు నిలిచెననిన, దానిని సరిచూచుట ఎవరికిని అవసరముగా తోపలేదు. అంతియే.

సరిచూడవలె నని తోచిన మొదటి పెద్దమనిషి క్లూనీ మఠాధిపతి పీటరు. 1142లో స్పెయిన్ యాత్రచేసి, ఆంగ్లేయుడగు రాబర్టు అను పండితునికి ద్రవ్యమిచ్చి ఖురానును లాటినులోనికి తెప్పించెను. 1143లో అది ముగిసెను. ఇతరులు ఆయుధములతో పోవుచున్నారు, నేను మాటలతో వత్తునని ఆయన భావము. మంచిదే. కాని గ్రంథమునకు పెట్టిన పేరు 'దొంగప్రవక్తయగు మహమ్మదు శాసనము'. పాఠకుడు మొదటి పుట త్రిప్పకముందే తీర్పు విని కూర్చుండును. అనువాదమును మక్కికిమక్కిగా లేక, విరివిగా, ఆవేశముగా నడచినది, అంచులలో నిందావాక్యములు. ఐనను నాలుగువందల యేండ్లు ఐరోపాకు ఇదియే ఖురాను. 1542లో బాసెలు నగరమున దీని నచ్చువేయబోగా నగరసభవారు అచ్చుదారుని కొంతకాలము చెరలో బెట్టిరి. ఖండించుటకైన సరే, ఆ గ్రంథము జనుల చేతిలో పడరాదని వారి భయము. లూథరు కలుగజేసికొని, దీనిని వెల్లడిచేయుటకంటె ముస్లిములకు హాని వేరొకటి లేదని వాదించి అచ్చు సాగించెను. సాయము చేసినవాడును, అడ్డుపడినవాడును ఆ గ్రంథమునకు శత్రువులే.

ఇప్పుడు అనంతపురమునకు వత్తము. నారాయణరావుగారి అనువాదమును ఈ వరుసలో నుంచినప్పుడు దాని యోగ్యత తెలియును. ఖండించుటకు కాదు, తన మతమును మార్చుకొనియు కాదు, మఠాధిపతి ద్రవ్యమిచ్చియు కాదు. తెలుగువానికి తన పొరుగువాని గ్రంథము తెలుగున నుండవలెను; అంతకుమించిన కారణ మక్కరలేదు. ఇందొక లాభము కూడ కలదు. ఈ సీమ దూదేకులవారు ముస్లిములు. ఇంట తెలుగే మాటలాడుదురు. పెక్కుమందికి అరబ్బీ యుర్దూలు చదువరావు. తమ గ్రంథమును అర్థముతో చదువుకొనుటకు వారికి మొదట వాకిలి తెరచినది పరమతస్థుడు. తరువాత ముస్లిము పండితులే పలువురు తెలుగు అనువాదములు చేసిరి. అవి ఇంకను ప్రామాణికములు కావచ్చును. విశ్వాసి యెరిగినంత అవిశ్వాసి యెరుగడు. కాని మొదటి అడుగు మొదటి అడుగే.

తెలుగున ఈ పని చేయువానికి లాటినువానికి లేని చిక్కు లున్నవి. లాటినులో మహమ్మదును గూర్చి చెప్పునప్పుడు సర్వనామమున గౌరవాగౌరవములు లేవు. తెలుగున 'వాడు' అనవలెనా, 'అతడు' అనవలెనా, 'ఆయన' అనవలెనా, 'వారు' అనవలెనా? నోరు తెరచినంతనే అనువాదకుని మనస్సు బయటపడును. తటస్థముగా నుందునన్నను మన వ్యాకరణము ఉండనీయదు. 'దేవుడు' అన్నచో దానికి 'దేవుళ్లు' అను బహువచన మున్నది. అల్లా అను పదమునకు బహువచనమే లేదు, లేకుండుటయే దాని సారము. ఇక 'ప్రవక్త' అను మాట బైబిలు తెలుగులో క్రైస్తవులు వాడుకొనుచున్నదే; దానినే ముస్లిములును వాడుకొనుచున్నారు. రెండు మతములకును సంస్కృతము పదము లెరువిచ్చెను. అరబ్బీ మనకిచ్చిన ఎరువు అంతకంటె ఎక్కువ. ఈ జిల్లా రైతు తాలూకా కచ్చేరిలో వసూలు బాకీ చెల్లించి రసీదు తెచ్చుకొనుననిన, ఆ వాక్యమున జిల్లా, రైతు, తాలూకా, వసూలు, బాకీ అరబ్బీవి. ఖరీఫు రబీలును అరబ్బీవే. 'రైతు' అను మాటకు మూలార్థము కాపరి రక్షణలోనున్న మంద. అనంతపురమున కాపరి రక్షణ యేపాటిదో రైతుకే తెలియును. 'కరువు' అను మాటను మాత్రము మనము ఎవరియొద్దను అప్పు తేలేదు.

ఇందుకు ఆక్షేపణ చెప్పువారు కలరు. వారి ఆక్షేపణ తేలికైనది కాదు. నార్పల మండలమున గూగూడు అను గ్రామము కలదు. అక్కడ పీర్లపండుగకు వేలాది జనులు చేరుదురు. కుళ్లాయిస్వామికి చక్కెర చదివింతురు, అగ్నిగుండము చుట్టు మూగుదురు, మ్రొక్కి కన్న బిడ్డలకు కుళ్లాయప్ప యని పేరు పెట్టుకొందురు. హిందువు లెవరు, ముస్లిము లెవరు అని ఆ గుంపులో వేరుచేయుట కష్టము. 680లో కర్బలా మైదానమున హుసేను దప్పికతో మరణించిన కథ వారిలో ఎందరికి వివరముగా తెలియును? వారికి చదువు లేదు, కలహమును లేదు. చదివినవారికి చదువున్నది, కలహమును ఉన్నది. చదువుకొనిన హిందువు ఇది మూఢాచార మనును, చదువుకొనిన ముస్లిము ఇది శాస్త్రవిరుద్ధ మనును. ఇద్దరును కలిసి, వందల యేండ్లు నిలిచిన స్నేహమును ఒక్కతరములో చెరపుదురు. కావున తెలియకుండుటయే మేలు కాదా?

ఈ ఆక్షేపణను చదువుకొనినవారము మనమందరము తలవంచి వినవలసినదే. చీకటియింటిలో ఎవనిచేత నేమున్నదని అడుగక కలిసి కూర్చుండినవారిని లేపి, పిడికిళ్లు పరీక్షింపబూనుట సంస్కారమని మనము పొరబడుచుందుము. ఐనను తెలియని స్నేహమున కొక లోపము కలదు. దానికి ఎదురుమాట రాదు. బయటివాడు వచ్చి, నీ పొరుగువాని గ్రంథములో నిన్ను చంపుమని యున్నదని చెవిలో నూదినప్పుడు, పండుగనాడు చక్కెర పంచుకొనినవాడు ఏమని బదులు చెప్పగలడు? నా యెరిగినవాడు మంచివాడనును. అది గొప్ప సమాధానమే; మొదటిసారికి చాలును. వందమారులు విన్న పిమ్మట, ఈ యొక్కడు తప్ప తక్కినవారు చెడ్డవారు కావచ్చునని ఒప్పుకొనును. రోలాండు గాథను వినినవారికి జరిగినది ఇదియే. ఆ నూదినవాడు చూపిన వాక్యము ఎక్కడిది, యుద్ధమున ఏ సందర్భమునకు చెప్పబడినది, దాని ముందువెనుకల నేమున్నదని అడుగగలవాడు ఊరికి ఒక్కడైన నుండవలెను. అట్లు అడుగగలవాడు గూగూడున అగ్నిగుండమునొద్ద నిలిచి నవ్వనివాడై కూడ నుండవలెను. ఆ రెండు గుణములు ఒక్కనియందు చేరుట యరుదు.

న్యాయముగా చదువుట యనగా అంతయు మెచ్చుకొనుట యని నేను చెప్పుటలేదు. ఖురానునందు నాకు ఒప్పుకొనరాని వాక్యము లున్నవి, బైబిలునందు నున్నవి, మన ధర్మశాస్త్రములందు అంతకంటె ఎక్కువగా నున్నవి. మనుధర్మమునందలి కొన్ని శ్లోకములను ఇతరులు చూపినప్పుడు, దేశకాలములను చూడుమనియు, నేడు వానిని అనుసరించువాడు లేడనియు మనము ఎంత ఓర్పుతో వివరింతుమో! ఆ ఓర్పులో సగము పరుల గ్రంథమునకు ఇచ్చిన చాలును. తన గ్రంథమును దాని ఉత్తమవాక్యముతోను, పరుల గ్రంథమును దాని కఠినవాక్యముతోను కొలుచువాని చేతిలో రెండు తూనికరాళ్లున్నవి. సంతలో అట్టి వర్తకుని మనము ఏమందుమో చెప్పనక్కరలేదు.

మొదలుపెట్టదలచు గృహస్థునకు ఒక మార్గము సూచించెదను. ఖురాను పందొమ్మిదవ అధ్యాయము మరియమ్మ పేరిటిది. అబిసీనియా రాజు వినినదియు ఇదియే. లూకా సువార్త మొదటి రెండు అధ్యాయములను దానిప్రక్కన పెట్టుకొని చదువుడు. రెంటను ముసలి జెకర్యాకు బిడ్డ కలుగుననిన నమ్మలేకపోవుటయు, నోట మాటరాకుండుటయు కలవు. రెంటను కన్యకు దూత కనబడును. కాని లూకాలో ప్రసవము సత్రమున చోటులేక పశువులతొట్టియొద్ద జరుగును. ఖురానులో మరియ ఒంటరిగా దూరస్థలమునకు పోయి, నొప్పులతో ఖర్జూరపుచెట్టు మొదట కూలబడి, ముందే చచ్చిపోయిన బాగుండుననుకొనును. అప్పుడు ఆమె పాదములక్రింద నీరు పారును, చెట్టు పండ్లను రాల్చును. పిమ్మట ఖురాను, దేవునికి కుమారుడు లేడని స్పష్టముగా చెప్పును. లూకా, పుట్టబోవు శిశువు దేవుని కుమారుడని అంతే స్పష్టముగా చెప్పును. ఆ రెండు చోటులను గీటుపెట్టుకొనుడు, చెరపవలదు. నీరు కనబడని ఈ సీమ స్త్రీలకు ఖర్జూరపుచెట్టు కథను చదివి వినిపించిన, ఎవరి గ్రంథమని అడుగుటకు ముందు వారు ఆ నీటిని గూర్చి అడుగుదురు. అడిగినప్పుడు గ్రంథము పేరును దాచక చెప్పుడు.